మగవారిలో ప్రొలాక్టిన్ పెరిగితే: రక్తపరీక్ష నుంచి వీర్యపరీక్ష దాకా

ప్రొలాక్టిన్ అంటే తల్లిపాల హార్మోన్ అని చాలామందికి తెలుసు. అది మగవాళ్ల రక్తంలోనూ రోజూ ఉంటుందన్న సంగతి మాత్రం, పిల్లల కోసం పరీక్షలు చేయించుకుని రిపోర్టులో ఆ పేరు పక్కన ఎర్ర అంకె చూశాకే తెలుస్తుంది. అక్కడి నుంచి రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఎందుకు పెరిగిందో చూడకుండా మాత్రలు మొదలుపెట్టడం ఒకటి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందని ఆ ఇంజెక్షన్ వేయించుకుని, ఉన్న కాసిని వీర్యకణాలనూ పోగొట్టుకోవడం రెండోది. మగవారిలో సంతానలేమికి కారణాలు చాలానే ఉన్నా, మాత్రలతో దారికొచ్చేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ప్రొలాక్టిన్ పెరగడం వాటిలో ఒకటి. వరుస తప్పకుండా చూసుకుంటే చాలామందికి పరిస్థితి చక్కబడుతుంది. ఆ వరుస ఏమిటో చూద్దాం.

బ్రేకు వదిలితే ఏమవుతుంది

ప్రొలాక్టిన్‌ను తయారుచేసేది పిట్యూటరీ గ్రంథి. మెదడు అడుగున, శనగగింజంత ఉంటుంది. దాని పైనున్న హైపోథాలమస్ ఆదేశాలు పంపుతుంటుంది. మిగతా హార్మోన్లను ప్రధానంగా 'వదులు' అనే ఆదేశం నడిపిస్తే, ప్రొలాక్టిన్‌ను 'ఆగు' అనే ఆదేశం అదుపులో పెడుతుంది. ఆ ఆపే రసాయనం డోపమైన్. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా సులువు. డోపమైన్ పనిని అడ్డుకునే మందు వేసుకున్నా, హైపోథాలమస్‌ను పిట్యూటరీతో కలుపుతూ, డోపమైన్ కిందికి దిగే దారిగా ఉండే కాడ నలిగినా, ప్రొలాక్టిన్ కణాలే గడ్డగా పెరిగినా చివరికి జరిగేది ఒకటే, రక్తంలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. థైరాయిడ్ తగ్గినప్పుడు దారి కాస్త వేరు. థైరాయిడ్‌ను ఉసిగొల్పడానికి హైపోథాలమస్ వదిలే టీఆర్‌హెచ్, పక్కనే ఉన్న ప్రొలాక్టిన్ కణాలనూ తట్టిలేపుతుంది.

పెరిగిన ప్రొలాక్టిన్ వృషణాల మీద నేరుగా పడేది తక్కువ. అసలు దెబ్బ పైన తగులుతుంది. హైపోథాలమస్‌లో కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని వదిలే నాడీకణాలు ఉంటాయి. అవి పొడిస్తేనే జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ సుమారు రెండు గంటలకోసారి దఫదఫాలుగా విడుదలవుతుంది. ప్రొలాక్టిన్ ఆ కణాలను అణచిపెడుతుంది. దాంతో దఫాలు తగ్గుతాయి, పిట్యూటరీ నుంచి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్లు తగ్గుతాయి. ఎల్‌హెచ్ తగ్గితే వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారీ పడిపోతుంది. ఎఫ్ఎస్‌హెచ్ కూడా తగ్గేసరికి వీర్యకణాల తయారీకి కావాల్సిన రెండు ఆసరాలూ పోతాయి.

ఇక్కడ రిపోర్టు చదివేటప్పుడు పనికొచ్చే గుర్తు ఒకటుంది. ప్రొలాక్టిన్ వల్లే సమస్య అయితే టెస్టోస్టిరాన్ తక్కువగా ఉండి, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్‌లు తక్కువగానో, మామూలు హద్దుల్లోనో ఉంటాయి. పెరిగి మాత్రం ఉండవు. ఎఫ్ఎస్‌హెచ్ బాగా పెరిగి 25 ఉండి, వీర్యకణాలు అసలే లేక, ప్రొలాక్టిన్ హద్దుకు కాస్త పైన 22 ఉన్న మనిషిలో దోషం వృషణాల్లో ఉంది. ఆ 22ను పట్టుకుని ఆరు నెలలు మాత్రలు మింగడం కాలహరణమే.

ఎవరు చేయించుకోవాలి

పిల్లలు కలగని ప్రతి మగాడికీ ఈ పరీక్ష అక్కర్లేదు. లైంగిక కోరిక బాగుండి, టెస్టోస్టిరాన్ మామూలుగా ఉండి, వీర్యపరీక్షలో మాత్రమే తేడా ఉన్నవారిలో ప్రొలాక్టిన్ కారణంగా తేలడం అరుదు. కోరిక తగ్గినవారికి, అంగస్తంభన సమస్య ఉన్నవారికి, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉండి ఎల్‌హెచ్ పెరగనివారికి తప్పక చేయాలి. రొమ్ములు పెరగడం, చనుమొనల నుంచి పాలలాంటి ద్రవం రావడం కూడా ఈ పరీక్ష చేయించడానికి కారణాలే. అయితే మగవాళ్లలో పాలు రావడం అంత తరచుగా కనిపించదు, కాబట్టి అది లేనంత మాత్రాన ప్రొలాక్టిన్ పెరగలేదని అనుకోకూడదు. వీర్యం పరిమాణం తగ్గడం, గడ్డం గీసుకోవాల్సిన అవసరం మునుపటికంటే తగ్గడం, కండ తగ్గి నీరసం రావడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం వంటివి ఎవరూ డాక్టర్‌కు చెప్పరు. అడిగితేనే బయటపడతాయి.

తలనొప్పితో పాటు రెండు పక్కలా చూపు తగ్గితే ఆలస్యం చేయకూడదు. పిట్యూటరీకి సరిగ్గా పైన రెండు కంటి నరాలు కలుస్తాయి. గడ్డ పైకి పెరిగి అక్కడ నొక్కితే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కలు కనిపించవు. నడుస్తూ గుమ్మాలను రాసుకోవడం, బండి నడిపేటప్పుడు పక్కనుంచి వచ్చేవాళ్లను గమనించకపోవడం దీనికి ఆనవాళ్లు.

ఆడవారిలో ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి ఆగిపోతుంది, కొద్ది నెలల్లోనే డాక్టర్ దగ్గరికి వెళతారు. మగవాళ్లలో అలాంటి గంట మోగదు. కోరిక తగ్గితే వయసనో, పని ఒత్తిడనో సర్దిచెప్పుకుంటారు. అందుకే ఆడవారిలో ఎక్కువగా 10 మిల్లీమీటర్ల లోపు గడ్డలు దొరికితే, మగవారిలో అంతకంటే పెద్దవే ఎక్కువగా బయటపడతాయి.

రక్తం ఇచ్చే రోజు

తప్పుడు అంకెల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది. తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, లేచాక కొన్ని గంటల్లో తగ్గుతుంది. కాబట్టి నిద్ర లేచిన మూడు గంటల తర్వాత రక్తం ఇవ్వడం మంచిది. టెస్టోస్టిరాన్‌కు మాత్రం ఉదయం పరగడుపున ఇవ్వాలి, పొద్దెక్కితే అది తగ్గుతుంది. రెండూ ఒకేసారి కుదరాలంటే 6 గంటలకు లేచి, ఏమీ తినకుండా 9 నుంచి 9:30 మధ్య ఇస్తే సరిపోతుంది. మంచినీళ్లు తాగొచ్చు.

ముందు రోజు నుంచి సంభోగం, హస్తప్రయోగం, బరువులెత్తే వ్యాయామం మానాలి. స్ఖలనం తర్వాత ప్రొలాక్టిన్ గంటకు పైగా పెరిగే ఉంటుంది. వీర్యపరీక్షకు శాంపిల్ ఇచ్చి, అదే ఊపులో పక్క గదిలో రక్తం ఇచ్చేవాళ్లు ఉంటారు. అలా వచ్చిన ప్రొలాక్టిన్ అంకెను నమ్మకూడదు. ముందు రక్తం, తర్వాత వీర్యం. ఛాతీ పరీక్ష చేసిన వెంటనే కూడా ఇవ్వకూడదు, చనుమొనలను తాకినా ఇది పెరగొచ్చు. మూర్ఛ వచ్చిన కాసేపటికే తీసిన రక్తంలోనూ పెరిగి కనిపిస్తుంది.

ల్యాబ్‌కు చేరాక 20 నుంచి 30 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. సూదంటే భయపడేవారిలో ఆ భయమే అంకెను పెంచుతుంది. అలాంటివారికి చేతికి సన్నని గొట్టం పెట్టి, 20 నిమిషాల తేడాతో రెండు మూడు శాంపిళ్లు తీస్తే తర్వాతి వాటిలో తగ్గడం కనిపిస్తుంది. మొదటిది ఎక్కువగా ఉండి చివరిది మామూలుగా ఉంటే ఆ మనిషికి జబ్బు లేదు, సూది భయం మాత్రమే ఉంది.

జుట్టుకూ గోళ్లకూ వాడే బయోటిన్ మాత్రలు 5 నుంచి 10 మిల్లీగ్రాముల మోతాదులో ఉంటే, పరీక్షకు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. బయోటిన్ ఒంట్లో ప్రొలాక్టిన్‌ను మార్చదు. కొన్ని యంత్రాల్లో కొలిచే పద్ధతినే తికమకపెట్టి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

అంకెను చదవడం

ముందు ప్రమాణం చూడండి. కొన్ని ల్యాబ్‌లు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటరుకు మిల్లీ అంతర్జాతీయ యూనిట్లలో ఇస్తాయి. మొదటిదాన్ని సుమారు 21తో గుణిస్తే రెండోది వస్తుంది. రిపోర్టులో 400 చూసి హడలిపోయినవాళ్లు కింద ప్రమాణం చూస్తే అది 19 నానోగ్రాములకు సమానమని తెలుస్తుంది. ఇకపై ఇక్కడ రాసేవన్నీ మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కే.

మగవారిలో పైహద్దు ల్యాబ్‌ను బట్టి 15 నుంచి 20 వరకు ఉంటుంది. 20, 30 దగ్గర ఉంటే మొదట చేయాల్సింది ఇంకో రోజు జాగ్రత్తలన్నీ పాటించి మళ్లీ చేయించడం. చాలావాటిలో రెండోసారికి మామూలుగా వచ్చేస్తుంది. 50 నుంచి 100 మధ్య ఉంటే మందులు, చిన్న గడ్డ, పిట్యూటరీ కాడ నలగడం మూడింటినీ అనుమానించాలి. మందులేవీ లేకుండా 200, 250 దాటితే అది ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. 500 దాటితే పెద్ద గడ్డ అనే అనుకోవాలి. ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి: రిస్పెరిడోన్ వంటి మందులు వాడేవారిలో గడ్డ లేకపోయినా 200 దాటొచ్చు.

గడ్డ పరిమాణం, అంకె ఒకదానికొకటి పొంతన కుదరాలి. కుదరకపోతే ఆగి ఆలోచించాలి. ఎంఆర్ఐలో 4 సెంటీమీటర్ల గడ్డ ఉండి ప్రొలాక్టిన్ 60 మాత్రమే ఉందనుకోండి. దీనికి రెండు అర్థాలు. ఒకటి, ఆ గడ్డ ప్రొలాక్టిన్‌ది కాదు, కాడను నొక్కి డోపమైన్‌ను అడ్డుకుంటోంది, అంతే. అలాంటప్పుడు అంకె సాధారణంగా 100 దాటదు. రెండోది, ప్రొలాక్టిన్ వేలల్లో ఉండి, పరీక్షలో వాడే యాంటీబాడీలు చాలక యంత్రం తప్పుగా తక్కువ చూపిస్తోంది. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. అదే శాంపిల్‌ను 1:100 పలచన చేసి మళ్లీ కొలిస్తే అసలు సంగతి తేలుతుంది. ఇది ల్యాబ్ వాళ్ల పని అని వదిలేసేది కాదు. మొదటిదైతే సాధారణంగా ఆపరేషన్ అవసరమవుతుంది, రెండోదైతే మాత్రలతో గడ్డ కరుగుతుంది. తేడా అంత ఉంది.

ఇంకో రకం కూడా ఉంది. ఒంట్లో ఏ లక్షణమూ ఉండదు, టెస్టోస్టిరాన్ బాగుంటుంది, అంకె మాత్రం ఎప్పుడు చేసినా 40, 50. ఇది తరచూ మాక్రోప్రొలాక్టిన్ అవుతుంది. ప్రొలాక్టిన్ అణువు యాంటీబాడీకి అతుక్కుని పెద్ద ముద్దగా మారుతుంది. ఆ ముద్ద రక్తంలోంచి త్వరగా బయటికి పోదు, కణాల మీద పనీ పెద్దగా చేయదు, యంత్రానికి మాత్రం దొరుకుతుంది. శాంపిల్‌లో పీఈజీ అనే ద్రావణం కలిపి ఆ ముద్దలను కిందికి దించేసి, పైన మిగిలినదాన్ని కొలుస్తారు. మొదటి అంకెలో 40 శాతం కంటే తక్కువ మిగిలితే అది ప్రధానంగా మాక్రోప్రొలాక్టినే. మిగిలిన అంకె మామూలు హద్దులో ఉంటే మాత్రలూ వద్దు, ఎంఆర్ఐ కూడా వద్దు. పరీక్ష రాసేటప్పుడే 'మాక్రోప్రొలాక్టిన్ కూడా చూడండి' అని అడిగితే మళ్లీ సూది తప్పుతుంది.

కారణం వెతికే వరుస

మొదట మందుల సంచి తిరగేయాలి. కడుపు ఉబ్బరానికీ వాంతులకూ వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ డోపమైన్‌ను అడ్డుకునేవే. వీటిని తరచూ గ్యాస్ మాత్రతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా ఇస్తారు. వేసుకునేవాళ్లకు 'గ్యాస్ మాత్ర' అనే తెలుసు. అందుకే పేరు చెప్పడం కాదు, మాత్రల పట్టీ తెచ్చి చూపించడం మేలు. మానసిక చికిత్సలో వాడే రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ బాగా పెంచుతాయి. బీపీకి వాడే వెరాపమిల్, మిథైల్‌డోపా, నొప్పులకు వాడే ఓపియాయిడ్లు కూడా పెంచుతాయి. డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్ని పెంచినా, ఆ పెరుగుదల సాధారణంగా కొద్దిపాటిదే.

కడుపు మందులైతే డాక్టర్‌ను అడిగి మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయించొచ్చు. మానసిక చికిత్స మందులను మాత్రం సొంతంగా ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆపితే తిరగబెట్టే జబ్బు ప్రొలాక్టిన్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. ఆ మందు రాసిన సైకియాట్రిస్టే అరిపిప్రజోల్ వంటి, ప్రొలాక్టిన్‌ను పెంచని మందుకు మార్చగలరేమో చూస్తారు. నెలకోసారి వేసే దీర్ఘకాల ఇంజెక్షన్ అయితే మూడు రోజుల లెక్క పనికిరాదు, ఆ మందు వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. మందు ఆపడం కుదరకపోతే, ప్రొలాక్టిన్ పెరగడం మందు మొదలుపెట్టాకే వచ్చిందని తేలకపోతే, ఎంఆర్ఐతో గడ్డ లేదని తేల్చుకోవాల్సిందే.

తర్వాత థైరాయిడ్‌ను చూసే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, మూత్రపిండాలను చూసే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు. థైరాయిడ్ బాగా తగ్గి చాలాకాలమైతే పిట్యూటరీ మొత్తం ఉబ్బి ఎంఆర్ఐలో గడ్డలాగే కనిపిస్తుంది. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్‌తో కొద్ది నెలల్లో ఆ ఉబ్బు తగ్గుతుంది, ప్రొలాక్టిన్ కూడా దిగొస్తుంది. ఈ సంగతి చూడకుండా ఆపరేషన్ దాకా వెళ్లడం కంటే పెద్ద పొరపాటు లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో ప్రొలాక్టిన్ ఒంట్లోంచి సరిగా పోక పెరుగుతుంది. ఛాతీ మీద గాయం, అక్కడ వచ్చిన సర్పి కూడా అరుదుగా కారణమవుతాయి.

ఇవన్నీ దాటాకే ఎంఆర్ఐ. మామూలు మెదడు ఎంఆర్ఐ కాదు, పిట్యూటరీకి ప్రత్యేకంగా, సన్నని పొరలుగా, గడోలినియం అనే మందును నరంలోకి ఎక్కించి తీసేది. మామూలు స్కాన్‌లో 4, 5 మిల్లీమీటర్ల గడ్డ తప్పిపోవచ్చు. ఈ పరీక్షను చివర పెట్టడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఏ లక్షణమూ లేని మామూలు మనుషుల్లో కూడా సుమారు పదిమందిలో ఒకరికి పిట్యూటరీలో చిన్న మచ్చో, తిత్తో కనిపిస్తుంది. మందు వల్ల పెరిగిన ప్రొలాక్టిన్‌కూ, దేనికీ సంబంధం లేని ఆ మచ్చకూ ముడిపెట్టి ఏళ్ల తరబడి చికిత్స జరిగిపోతుంది.

గడ్డ 10 మిల్లీమీటర్లు దాటితే అదనంగా మరికొన్ని చూడాలి: కంటి డాక్టర్ దగ్గర చూపు పరిధి పరీక్ష, ఉదయం 8 గంటలకు అడ్రినల్ హార్మోన్ కార్టిజాల్, ఫ్రీ టీ4, గ్రోత్ హార్మోన్ కూడా కలిసి పెరిగిందేమో చెప్పే ఐజీఎఫ్-1. టెస్టోస్టిరాన్ చాలాకాలం తక్కువగా ఉన్నవారికి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా అవసరం.

మాత్రలు ఎలా వాడాలి

గడ్డ అంటే క్యాన్సర్ అని భయపడనక్కర్లేదు, ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. పిట్యూటరీ గడ్డల్లో ఆపరేషన్ కంటే ముందు మాత్రలే వాడేది ఈ ప్రొలాక్టిన్ గడ్డకే. మొదటి ఎంపిక క్యాబర్గోలిన్. అది డోపమైన్ చేసే పనే చేస్తుంది. రక్తంలో సగానికి తగ్గడానికి రెండున్నర రోజులకు పైగా పడుతుంది కాబట్టి రోజూ అక్కర్లేదు. సాధారణంగా 0.25 మిల్లీగ్రాములు వారానికి రెండుసార్లు, లేదా 0.5 వారానికి ఒకసారి మొదలుపెడతారు. నాలుగు వారాలకు ప్రొలాక్టిన్ చూసి, తగ్గకపోతే కొద్దికొద్దిగా పెంచుతారు. చాలామందికి వారానికి 2 మిల్లీగ్రాముల లోపే సరిపోతుంది. బ్రోమోక్రిప్టిన్ పాతది, రోజూ వేసుకోవాలి, వికారం ఎక్కువ. రాత్రి 1.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళతారు.

రెండింటినీ రాత్రి భోజనంతో వేసుకుని పడుకుంటే వికారం, తల తిరగడం తక్కువ. మొదటి మాత్ర వేసుకున్న రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. వికారంగా ఉందని డోంపెరిడోన్ వేసుకోవడం అందరూ చేసే పొరపాటు. క్యాబర్గోలిన్ చేసే పనికి అది సరిగ్గా ఎదురు. ఒక చేత్తో బ్రేకు నొక్కి ఇంకో చేత్తో వదిలినట్టు. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ రాస్తే క్యాబర్గోలిన్ వాడుతున్నట్టు చెప్పాలి, అది రక్తంలో క్యాబర్గోలిన్‌ను పెంచుతుంది.

ముక్కు దిబ్బడ, మలబద్ధకం మామూలే. మామూలు కానివి మూడు. ఒకటి, ఈ మందు కొందరిలో అదుపు తప్పిన కోరికలు పుట్టిస్తుంది: జూదం, విపరీతమైన లైంగిక కోరిక, ఆపుకోలేని కొనుగోళ్లు. వాడేవారికి తమలో మార్పు కనబడదు. తగ్గిన కోరిక తిరిగొచ్చిందని సంతోషిస్తారు కూడా. అందుకే మాత్ర మొదలుపెట్టే రోజే భార్యకు ఈ సంగతి చెప్పి ఉంచాలి. రెండోది, పుర్రె ఎముకను తిన్న పెద్ద గడ్డ మందుకు వేగంగా కరిగితే, అది మూసి ఉంచిన రంధ్రం తెరుచుకుంటుంది. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా, ఉప్పగా ద్రవం కారితే అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, లేకపోతే మెదడు పొరల వాపుకు దారితీస్తుంది. మూడోది గుండె కవాటాలు. పార్కిన్సన్స్‌కు రోజూ 3 మిల్లీగ్రాములకు పైగా వాడినవారిలో కవాటాలు గట్టిపడటం కనిపించింది. ప్రొలాక్టిన్‌కు వాడేది సాధారణంగా వారానికి అంత కూడా ఉండదు. అయినా మొదట్లో గుండెను చూసే ఎకో స్కాన్ ఒకటి తీయించి, వారానికి 2 మిల్లీగ్రాములు మించితే ఏడాదికోసారి చూడటం పద్ధతి.

మాత్ర పనిచేస్తున్నా చేయకపోయినా, హఠాత్తుగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, కనురెప్ప వాలిపోవడం వస్తే అది గడ్డలో రక్తస్రావం కావచ్చు. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాల్సిన సందర్భం అది. మాత్రలు పడనివారికి, పడినా గడ్డ కరగనివారికి ముక్కు గుండా చేసే ఆపరేషన్ ఉంటుంది.

దూలగొండి గింజల పొడి గురించి ఒక మాట. అందులో నిజంగానే ఎల్-డోపా ఉంటుంది, కాబట్టి ప్రొలాక్టిన్ కాసేపు తగ్గుతుంది. సరిగ్గా ఆ కాసేపటిలో పరీక్ష చేస్తే గడ్డ ఉన్నవాడికి కూడా అంకె కాస్త తగ్గి కనిపించొచ్చు. పరీక్షకు ముందు ఆపండి, చికిత్సగా నమ్ముకోకండి. ప్రొలాక్టిన్ మామూలుగా ఉన్నవాళ్లు కోరిక పెరుగుతుందని క్యాబర్గోలిన్ మింగడం ఇంకో వింత. మామూలుగా ఉన్నదాన్ని ఇంకా తొక్కిపెడితే ఒరిగేదేమీ లేదు, పైన చెప్పిన ఇబ్బందులు మాత్రం వస్తాయి.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఎందుకు వద్దు

పిల్లలు కావాలనుకుంటున్న మగవాడికి బయటి టెస్టోస్టిరాన్ ఇవ్వకూడదు, ఇంజెక్షనైనా జెల్ అయినా అంతే. రక్తంలో టెస్టోస్టిరాన్ కనిపించగానే పిట్యూటరీ తన ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్‌లను కట్టేస్తుంది. వీర్యకణాలు తయారవడానికి వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఉండాలి. అది అక్కడే, ఎల్‌హెచ్ ప్రేరణతోనే తయారవ్వాలి, బయటినుంచి నింపలేం. అందుకే ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొద్ది నెలల్లో రక్తంలో అంకె బ్రహ్మాండంగా ఉంటుంది, వీర్యంలో కణాలు మాత్రం సున్నాకు కూడా రావచ్చు. ఒంట్లో ఓపిక వచ్చినట్టూ ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ప్రొలాక్టిన్ తగ్గితే చాలామందిలో టెస్టోస్టిరాన్ తనంతట తనే లేస్తుంది. దీనికి ఓపిక కావాలి. ప్రొలాక్టిన్ వారాల్లో దిగుతుంది. టెస్టోస్టిరాన్ లేవడానికి నెలలు పడుతుంది, ఆరు నెలల దాకా చూడొచ్చు. వీర్యకణం మొదటి దశ నుంచి పూర్తిగా తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపై బయటికి రావడానికి ఇంకో రెండు వారాల దాకా పడుతుంది. అంటే ఇవాళ ఇచ్చిన వీర్యం మూడు నెలల కిందటి హార్మోన్ల ఫలితం. మాత్ర వేసిన నెలకే వీర్యపరీక్ష చేయించి 'ఏమీ మారలేదు' అని కుంగిపోవడం అనవసరం. మొదలుపెట్టే ముందు ఒకటి, ప్రొలాక్టిన్ మామూలు హద్దుకు వచ్చాక మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి చేయించండి. కొందరికి ఏడాది పట్టొచ్చు.

ప్రతిసారీ స్ఖలనం లేకుండా ఒకే వ్యవధి పాటించాలి, 2 నుంచి 7 రోజుల మధ్య. ఒకసారి రెండు రోజులు, ఇంకోసారి ఏడు రోజులు ఆగి ఇస్తే రెండింటినీ పోల్చలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కణాలు కోటి 60 లక్షలు, మొత్తం 3 కోట్ల 90 లక్షలు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం. ఇవి పాస్, ఫెయిల్ మార్కులు కావు. వీటికి కాస్త తక్కువగా ఉండి తండ్రులైనవాళ్లూ ఉన్నారు.

ప్రొలాక్టిన్ తగ్గి ఆరు నెలలైనా టెస్టోస్టిరాన్ లేవకపోతే, పెద్ద గడ్డ వల్ల ఎల్‌హెచ్ కణాలు దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు కూడా టెస్టోస్టిరాన్ కాదు, ఎల్‌హెచ్ చేసే పనే చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, సాధారణంగా 1500 నుంచి 2000 యూనిట్లు వారానికి రెండు మూడుసార్లు. చాలకపోతే ఎఫ్ఎస్‌హెచ్ జత చేస్తారు. పిట్యూటరీ ఇంకా స్పందించగలిగితే క్లోమిఫీన్ మాత్రలూ పనిచేయొచ్చు. ఇక పిల్లలు వద్దనుకున్నాకే టెస్టోస్టిరాన్ మాట.

ఇదంతా జరుగుతున్నప్పుడు భార్య పరీక్షలను ఆపి ఉంచకూడదు. ఆమె వయసు 35 దాటితే ఆయన వీర్యం కోసం ఏడాది ఎదురుచూడటం ఇద్దరికీ నష్టం. రెండు పక్కలా పరీక్షలు ఒకేసారి నడవాలి. ఆమె గర్భం దాల్చాక 'క్యాబర్గోలిన్ ఆపమన్నారు' అని భర్తలు తమ మాత్ర ఆపేస్తుంటారు. చిన్న గడ్డ ఉన్న మహిళ గర్భవతి అయితే ఆమెను ఆపమంటారు. ఆ సలహా ఆయనకు కాదు.

ఎప్పుడు ఆపొచ్చు

చికిత్స మొదలయ్యాక ప్రొలాక్టిన్‌ను నెలకు, తర్వాత మోతాదు కుదిరేదాకా కొన్ని నెలలకోసారి చూస్తారు. పెద్ద గడ్డ అయితే మూడు నెలలకే ఎంఆర్ఐ, చిన్నదైతే ఏడాదికి. కనీసం రెండేళ్లు మాత్ర వాడి, ప్రొలాక్టిన్ మామూలుగా నిలిచి, ఎంఆర్ఐలో గడ్డ కనబడకపోతే మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపి చూడొచ్చు. చాలామందిలో మళ్లీ పెరుగుతుంది, పెరిగేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. కాబట్టి ఆపిన ఏడాదంతా మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ప్రొలాక్టిన్ చేయించుకోవాలి. పెరిగితే మళ్లీ ఎంఆర్ఐ, మళ్లీ పాత మోతాదు.